ఎర్నెస్టు రెనాన్

మన ఖైరతాబాదులో దేవాలయపు గంట, మసీదునుండి బాంగు, చర్చి గంట ఒక్క ఉదయముననే వినవచ్చును. ఇట్టి చోట పెరుగు బాలునకు తన మతగ్రంథమును గూర్చి ప్రశ్నలు పుట్టుట వింత గాదు. అట్టి ప్రశ్న ఒకని జీవితమునెట్లు మార్చెనో మా విద్యార్థులకు తెలుపదలచితిమి.

రెనాన్ 1823వ సంవత్సరము ఫిబ్రవరి 28వ తేదీన ఫ్రాన్సు దేశమున, బ్రిటనీ సీమయందలి త్రెగియే యను చిన్న పట్టణమున జన్మించెను. నావికుడైన తండ్రి ఆతని ఐదవయేటనే గతించెను. తల్లి మిక్కిలి భక్తురాలు. కుమారుడు కతోలిక గురువు కావలెననియే ఆమె కోరిక. ఊరి పాదిరులే ఆతనికి చదువు చెప్పిరి. వారి సచ్ఛీలమును రెనాన్ వృద్ధాప్యమునను కొనియాడెను. 1838లో విద్యార్థివేతనము లభింపగా పారిసునకు వెళ్లి, 1843లో సేన్ సుల్పీసు సెమినరీలో చేరెను.

అచ్చట లె ఇర్ అను భక్తుడగు పండితుడు ఆతనికి హెబ్రీ భాష నేర్పెను. మూలమును చదువగా చదువగా, యెషయా గ్రంథపు ఉత్తరభాగము వేరొక కాలపు రచన యనియు, దానియేలు గ్రంథము తాను వర్ణించు చెరకాలమునకు చాల తరువాత పుట్టినదనియు, పంచకాండములు మోషే యొక్కని వ్రాత గావనియు ఆతనికి తోచెను. నాటి సంఘోపదేశము ప్రకారము గ్రంథమున దోషమున్నదనుట తగదు. లోన సందేహముంచుకొని బలిపీఠముచెంత నిలుచుట ఆతని మనస్సునకు ఒప్పలేదు. 1845 అక్టోబరు 6వ తేదీన సెమినరీని విడిచెను. తల్లి దుఃఖమే ఆతనిని మిక్కిలి బాధించెను.

అక్క హెన్రియెట్ పోలండులో పిల్లలకు చదువు చెప్పి కూడబెట్టిన 1,200 ఫ్రాంకులను తమ్మునికిచ్చెను. ఆతడు కూడును గూడును మాత్రమే దొరకు బడికొలువున చేరి, రాత్రులు చదువుకొనెను. 1861లో సిరియాలో పరిశోధన చేయుచుండగా ఇరువురకును జ్వరము తగిలెను. తమ్ముడు స్మృతి తప్పియుండగా అక్క మరణించెను. 1862లో హెబ్రీ ఆచార్యపదవి లభించినను, తొలి ఉపన్యాసమున యేసును సాటిలేని మనుష్యునిగా మాత్రమే వర్ణించినందున ఆతని బోధనను ప్రభుత్వము నిలిపివేసెను. మరుసటియేడు వెలువడిన ఆతని యేసు చరిత్ర యూరోపునంతను కలవరపెట్టెను. 1870లో పదవి మరల దక్కెను. 1892లో రెనాన్ మరణించెను.

ఆతని తీర్పును మేమంగీకరింపము. మాకు యేసు ప్రభువే. కాని ఆతని సందేహములలో పెక్కింటిని నేడు సెమినరీలలోనే పాఠములుగా చెప్పుచున్నారు. మూలభాషలను, ప్రాచీన రచనారీతులను శ్రద్ధగా పరిశీలింపవలెనని పన్నెండవ పయస్ పోపు 1943లో పండితులను ప్రోత్సహించెను. వానిని చదివియు విశ్వాసమున నిలిచినవారనేకులు. నాడు రెనాన్‌నకు ద్వారము వెలుపలికి చూపిన ప్రశ్నకు నేడు లోపలనే పీట వేయబడినది.

కావున తలిదండ్రులారా, ప్రశ్నించు బిడ్డను గద్దింపకుడు. విద్యార్థులారా, సందేహము కలిగినప్పుడు దాచక మాయొద్దకు రండు. మాకు ఉత్తరము తెలియనిచో, తెలియదనియే చెప్పుదుము.