కూలి పిల్లల పక్షమున నిలిచిన షాఫ్ట్స్‌బరీ ప్రభువు

అప్పు తీర్చలేక తమ కుమారులను కుమార్తెలను దాస్యమునకు అప్పగించిన తలిదండ్రుల మొఱ్ఱ నెహెమ్యా గ్రంథము 5వ అధ్యాయములో ఉన్నది. మన తిరుమలగిరి ప్రాంతపు సంఘములకు ఆ మొఱ్ఱ క్రొత్తది కాదు. దొర యొద్ద తెచ్చిన అప్పుకు పిల్లవానిని పసులగాయ జీతమునకు పెట్టిన సంగతులు మన తాతల నోట వినియున్నాము. పిల్లవాడు ఏ వయస్సున పనిలోనికి పోవచ్చును, ఎంతసేపు చేయవచ్చును అను ప్రశ్నను చట్టసభలో ఏబది యేండ్లు విడువక అడిగిన ఒక విశ్వాసి జీవితమును ఈ నెల చెప్పుకొందము.

ఆంటొనీ ఆష్లీ కూపర్ 1801 ఏప్రిల్ 28న లండను పట్టణమున గొప్ప జమీందారీ వంశములో పుట్టెను. ఇంట సిరి యుండెను గాని ప్రేమ లేకుండెను. తలిదండ్రులు బిడ్డలను దగ్గరకు తీయువారు కారు. ఆ ఇంట కొలువున్న మరియా మిల్లిస్ అను స్త్రీ అతనిని చేరదీసి, బైబిలు కథలు చెప్పి, ప్రార్థన నేర్పెను. ఆమె చనిపోవుచు అతనికి విడిచిన గడియారమును ఆయన కడవరకు ధరించెను. గొప్పయింటి బిడ్డకు ప్రభువును చూపినది జీతముమీద బ్రదికిన స్త్రీయే యని మన తల్లులు గమనింతురు గాక.

1826లో ఆయన పార్లమెంటు సభ్యుడాయెను. ఆ దినములలో ఇంగ్లండు పత్తి మిల్లులలో ఆరేడేండ్ల పిల్లలు తెల్లవారక మునుపే పోయి, చీకటి పడినతరువాత ఇల్లు చేరుచుండిరి. నిద్ర తూగినవారిని మేస్త్రీలు కొట్టుచుండిరి. వారి పక్షమున మాటలాడుచుండిన మైకేల్ శాడ్లర్ ఎన్నికలలో ఓడిపోగా, ఆ భారము 1833లో ఈయన భుజములపై పడెను. పదునెనిమిదేండ్ల లోపువారికి దినమునకు పది గంటలే పని యుండవలెనని ఆయన కోరెను. ప్రభుత్వము దానిని త్రోసివేసి వేరొక చట్టము చేసెను: తొమ్మిదేండ్ల లోపువారు మిల్లులోనికి రాకూడదు, పదమూడు దాటనివారికి వారమునకు 48 గంటలు, ఆపై పదునెనిమిది వరకు దినమునకు 12 గంటలు. దేశమంతటికి నలుగురు తనిఖీదారులను నియమించిరి.

ఇక్కడ ఒక చిక్కు వచ్చెను. పిల్లవాని వయస్సు ఎవరు చెప్పవలెను? ఇంగ్లండులో ప్రభుత్వము జననములను వ్రాయించుట 1837లో గాని మొదలు కాలేదు. గనుక వైద్యుడు పిల్లవాని దేహపుష్టిని చూచి చీటీ వ్రాసి యిచ్చిననే పనికి అనుమతి. ఎత్తు కొలిచిరి, పండ్లు లెక్కించిరి. ఆకలిగొన్న తలిదండ్రులే వయస్సు హెచ్చించి చెప్పిరి. వారిని నిందించుటకు మాకు నోరు రాదు. మన సంఘములలో బాప్తిస్మపు పుస్తకమున పుట్టిన తేదీని కొందరు అంచనాగా వ్రాయించుచున్నారు. ఆ తేదీయే రేపు పిల్లవానికి అడ్డుగోడ కావచ్చును.

బొగ్గు గనుల సంగతి మరింత ఘోరము. ఆయన కోరికపై 1840లో నియమింపబడిన సంఘము 1842లో తన నివేదికను బొమ్మలతో సహా అచ్చువేసెను. అయిదారేండ్ల పసివాడు కటిక చీకటిలో ఒంటరిగా కూర్చుండి, బండి వచ్చినప్పుడెల్ల తలుపు లాగుచుండును. ఆడుపిల్లలు నడుమునకు పట్టా కట్టుకొని, కాళ్ల నడుమ గొలుసుతో, నాలుగు కాళ్ల జంతువువలె బొగ్గు బండ్లను ఈడ్చుచుందురు. దేశము సిగ్గుపడెను. ఆ యేడే స్త్రీలను, పదేండ్ల లోపు బాలురను గనులలోనికి దింపరాదని చట్టమాయెను.

పది గంటల చట్టము 1847లో నెరవేరెను. అప్పటికి ఆయన సభలో లేడు. ధాన్యపు సుంకముల విషయమున మనసు మార్చుకొని, మనస్సాక్షికొరకు పదవి విడిచియుండెను. జాన్ ఫీల్డెన్ దానిని గట్టెక్కించెను. విత్తినవాడొకడు, కోసినవాడొకడు. 1851లో తండ్రి ఆస్తి చేతికి రాగా, తన కూలివారి గుడిసెలే పాడుపడియుండెను. విరోధులు దానిని ఎత్తిపొడిచిరి. ఆయన అప్పుల నడుమనే క్రొత్త యిండ్లు కట్టించెను. పొగగొట్టములలోనికి చిన్నపిల్లలను ఎక్కించుట మాన్పించుటకు 1875 వరకు పోరాడవలసివచ్చెను.

1879లో, డెబ్బది దాటిన వయస్సున, ఆయన ప్రభువుల సభలో మన దేశపు మిల్లు పిల్లల మాట ఎత్తెను. బొంబాయి మిల్లుల పోటీకి జడిసిన లాంకషైరు వ్యాపారులు తమ లాభముకొరకు దానిని సమర్థించిరి. అయినను ఆయన చూపు పిల్లలమీదనే యుండెనని మేము తలంచుచున్నాము. 1881లో ఇండియాకు మొదటి కర్మాగార చట్టము వచ్చెను. ఏడేండ్ల లోపువారికి పని లేదు, పండ్రెండు వరకు తొమ్మిది గంటలు. నాడు నిజాము ఏలుబడిలోనున్న నల్లగొండకు ఆ చట్టము రాలేదు. వచ్చినను అది యంత్రములున్న చోటునే చూచెను గాని, పసుల కొట్టమును చూడలేదు.

అప్పుకు మనిషిని కట్టివేయు వెట్టిని 1976 చట్టము రద్దు చేసెను. ఆ అప్పును సహితము కొట్టివేసెను. 2016లో సవరించిన చట్టము ప్రకారము పదునాలుగు నిండనివారిని కూలికి పెట్టరాదు. బడి విడిచిన తరువాత, సెలవు దినములలో, ప్రమాదము లేని సొంత యింటి పనిలో సాయపడవచ్చును. పదునాలుగు మొదలు పదునెనిమిది వరకు గనులు, మందుగుండు, ప్రమాదకరమైన ప్రక్రియలు తప్ప ఇతర పనులు చేయవచ్చును. అయినను పాలమూరు పత్తి విత్తనపు చేలలో క్రాసింగు పనికి బడి మాన్పించిన ఆడుపిల్లలను ఈ తరమువారే చూచిరి. పిల్లల వ్రేళ్లు సన్ననివి గనుక పని బాగుగా సాగునని మిల్లుదారులు నాడు చెప్పిన మాటనే ఆ చేల యొద్దను చెప్పిరి.

షాఫ్ట్స్‌బరీ ప్రభువు 1885 అక్టోబరు 1న ప్రభువునందు నిద్రించెను. అక్టోబరు 8న వెస్ట్‌మినిస్టర్ ఆలయమున ఆరాధన జరిగినప్పుడు, బూట్లు తుడుచు బాలురు, పూలమ్ము పిల్లలు వీధికి ఇరుప్రక్కల నిలిచియుండిరి.