చూపు లేని డోజ్

వెనిస్ నీళ్ళ మీద కట్టిన ఊరు. పండించుకోడానికి సరైన నేల కూడా లేదు. మొదట్లో ఉప్పు, చేపలు, పడవలే దాని ఆస్తి. అలాంటి ఊరు మధ్యధరా సముద్రం మీద పెత్తనం చేసే స్థితికి ఎదగడంలో ఒక ముసలాయన చేసిన పని తలచుకుంటే నాకు ఆశ్చర్యమూ కలుగుతుంది, భయమూ వేస్తుంది. ఆయన పేరు ఎన్రికో దాందొలో.

వెనిస్‌కి వంశపారంపర్యంగా వచ్చే రాజు లేడు. ఎన్నుకున్న అధిపతి ఉండేవాడు. ఆయన్ని డోజ్ అనేవారు. 1192లో దాందొలో డోజ్ అయ్యేనాటికే 80 ఏళ్ళు దాటాయని చెబుతారు. చూపు కూడా పోయింది. తాను ఏం చేయవచ్చో, ఏం చేయకూడదో ప్రమాణపత్రంలో రాసి ఒప్పుకున్న తర్వాతే పదవి చేపట్టాడు. ఆయన హయాంలో ముద్రించిన గ్రోసో అనే మేలిమి వెండి నాణెం దూరదేశాల బజార్లలో కూడా చెల్లింది.

1201లో క్రూసేడుకి బయలుదేరదలచిన ఫ్రెంచి ప్రభువుల దూతలు ఓడల కోసం వచ్చారు. 4,500 మంది గుర్రపు యోధులు, వాళ్ళ గుర్రాలు, 9,000 మంది అనుచరులు, 20,000 మంది కాల్బలం. వీళ్ళందర్నీ చేరవేయడానికి 85,000 వెండి మార్కులకి బేరం కుదిరింది. వెనిస్ తన వ్యాపారం పక్కనపెట్టి ఓడలు కట్టింది. తీరా 1202లో వచ్చినవాళ్ళు మూడోవంతే! ఉన్నదంతా పోగుచేసినా 34,000 మార్కులు తక్కువ పడ్డాయి.

అప్పు తీర్చలేనివాడు అప్పిచ్చినవాడికి చాకిరీ చేయడం రైతుబిడ్డనైన నాకు కొత్త కథ కాదు. దాందొలో చేయించిందీ అదే. కాకపోతే ఆ చాకిరీ యుద్ధం. ముందు వెనిస్‌పై తిరగబడిన జారా పట్టణాన్ని వాళ్ళచేత కొట్టించాడు. అది క్రైస్తవుల పట్టణమే. పోప్ మూడవ ఇన్నోసెంట్ వెలి వేసినా లెక్క చేయలేదు. ఆ తర్వాత పదవి పోయిన బైజాంటైన్ చక్రవర్తి కొడుకు, తన తండ్రిని మళ్ళీ గద్దెనెక్కిస్తే 2 లక్షల మార్కులిస్తానన్నాడు. ఓడలు కాన్‌స్టాంటినోపుల్ దారి పట్టాయి. 1203లో ఆ ముసలాయన కవచం తొడుక్కుని ఓడ ముందుభాగాన నిలబడి, తనని ఒడ్డుకి చేర్చమని నావికుల్ని గద్దించాడట. ఇస్తానన్న డబ్బు పూర్తిగా రాలేదు. 1204 ఏప్రిల్‌లో నగరాన్ని పట్టుకుని మూడు రోజులు దోచుకున్నారు.

సామ్రాజ్యంలో ఎనిమిదింట మూడు వంతులు వెనిస్ వాటాకి వచ్చాయి. క్రీట్ దీవి దక్కింది. నాలుగు కంచు గుర్రాలు సెయింట్ మార్క్ చర్చికి చేరాయి. దాందొలో మాత్రం ఇంటికి చేరలేదు. 1205లో అక్కడే చనిపోతే హేగియా సోఫియాలో పాతిపెట్టారు.

జమాఖర్చు చూస్తే అంతా లాభమే. కాని ఆ దెబ్బనుంచి బైజాంటైన్ సామ్రాజ్యం తేరుకోలేదు. గ్రీకులు 1261లో నగరాన్ని తిరిగి గెలుచుకున్నా పూర్వబలం రాలేదు. 1453లో అది తురుష్కుల వశమైంది. చివరికి 1669లో వెనిస్ అదే తురుష్కులకి క్రీట్‌ని పోగొట్టుకుంది. తమ డోజ్ తమమీద పెత్తనం చేయకుండా వెనిస్ వాళ్ళు ఎంతో జాగ్రత్తగా ప్రమాణపత్రం రాయించుకున్నారు. పరాయి ఊళ్ళని కాపాడే మాట మాత్రం అందులో లేదు. నా దృష్టిలో దాందొలో కంటిచూపు కంటే పెద్ద లోటు అదే.