దర్జీ దుకాణం నుంచి దేశాధ్యక్ష పీఠం దాకా : ఆండ్రూ జాన్సన్ జీవితం

పేదరికంలో పుట్టి పెద్ద పదవులు పొందినవారి కథలు మనం పిల్లలకు చెప్తూ ఉంటాం. చెప్పాలి కూడా. అయితే సగం కథ చెప్పి ఊరుకుంటే ప్రయోజనం లేదు. పైకి వచ్చినవాడు, వచ్చాక కింద ఉన్నవారికి ఏం చేశాడన్నది కూడా చెప్పాలి. ఆ ఉద్దేశంతోనే అమెరికా దేశపు 17వ అధ్యక్షుడు ఆండ్రూ జాన్సన్ జీవితాన్ని పాఠక మహాశయుల ముందు ఉంచుతున్నాను. వార్డు మెంబరుగా, చిన్న ఊరి మేయరుగా, రాష్ట్ర శాసనసభ్యుడిగా మెట్టు మెట్టు ఎక్కి వచ్చిన మనిషి ఆయన. జీవితంలో ఒక్కరోజు కూడా బడి గడప తొక్కినవాడు కాదు.

జాన్సన్ 1808 డిసెంబరు 29న నార్త్ కరోలినా రాష్ట్రంలోని రాలీ పట్టణంలో పుట్టాడు. మూడేళ్ళ వయసులో తండ్రి పోయాడు. తల్లి ఇతరుల బట్టలు ఉతికి, నేతపని చేసి పిల్లల్ని సాకింది. బడికి పంపే స్తోమతు లేక కొడుకులిద్దరినీ జేమ్స్ సెల్బీ అనే దర్జీ దగ్గర పనికి కుదిర్చింది. ఆ రోజుల్లో పని నేర్చుకునే కుర్రాడు ఇన్నేళ్ళు యజమాని దగ్గరే పడి ఉండాలని కాగితం రాయించుకునేవారు. కూలి ఉండదు, కూడూ గుడ్డా మాత్రమే.

ఆ దుకాణానికి చదువుకున్న పెద్దమనిషి ఒకాయన వచ్చి, కుట్టుపని చేసేవాళ్ళకు గొప్పవారి ఉపన్యాసాలు చదివి వినిపించేవాడు. మన ఊళ్ళల్లో కూడా ఒకరు పేపరు చదివితే పదిమంది చేతిపని ఆపకుండా వినే అలవాటు ఉండేది కదా, అలాగన్నమాట. వినీ వినీ ఆ కుర్రాడికి అక్షరాల మీద మోజు పుట్టింది. కూడబలుక్కుని చదవడం నేర్చాడు. 1824లో అన్నతో కలిసి పారిపోతే, పట్టి ఇచ్చినవారికి పది డాలర్లు ఇస్తానని యజమాని పత్రికలో ప్రకటన వేయించాడు!

1826లో కుటుంబంతో టెనెసీ రాష్ట్రం చేరి, గ్రీన్‌విల్ అనే కొండప్రాంతపు చిన్న ఊళ్ళో దర్జీ దుకాణం పెట్టుకున్నాడు. మరుసటి ఏడు చెప్పులు కుట్టే ఆయన కూతురు ఎలిజాని పెళ్ళి చేసుకున్నాడు. ఆయనకు పద్దెనిమిది, ఆమెకు పదహారు. ఆమె చదువుకున్న పిల్ల. భర్తకు రాయడం, లెక్కలు చేయడం ఆమే నేర్పింది. ఒక ఇంట్లో ఆడపిల్ల చదువుకుంటే ఏం జరుగుతుందో ఇంతకన్నా రుజువు అక్కర్లేదు.

దుకాణం ఊరివారికి రచ్చబండ అయింది. కుట్టించుకోవడానికి వచ్చినవాళ్ళు, ఊరికే వచ్చినవాళ్ళు, అందరూ రాజకీయాలు మాట్లాడేవారు. 1829లో జాన్సన్ పట్టణ సభకు ఎన్నికయ్యాడు. 1834లో మేయరయ్యాడు. 1835లో రాష్ట్ర శాసనసభకు వెళ్ళాడు. ప్రజల పన్నుల సొమ్ము దుబారా కాకూడదని ఆయన పట్టుదల. రైలు మార్గాలు, రోడ్ల ఖర్చుకు ఎదురు ఓటు వేశాడు. దారులు కావాలని ఎదురుచూస్తున్న సొంత జిల్లావారికి అది నచ్చలేదు. 1837లో ఓడించేశారు. అయినా నిరుత్సాహపడక 1839లో మళ్ళీ గెలిచాడు. 1841లో రాష్ట్ర ఎగువ సభకు, 1843లో దేశ కాంగ్రెసుకు వెళ్ళి అక్కడ పదేళ్ళు ఉన్నాడు. భూమి లేని పేదకు ప్రభుత్వ భూమి ఇవ్వాలని ఏళ్ళ తరబడి పోరాడినవాళ్ళలో ఆయన ముఖ్యుడు. 1862లో ఆ చట్టం వచ్చి కుటుంబానికి 160 ఎకరాలు దక్కే వీలు కలిగింది.

1853 నుంచి 1857 దాకా టెనెసీ గవర్నరుగా ఉన్నప్పుడు ఆయన చేసిన పని ఉపాధ్యాయులమైన మనం మరువరానిది. ప్రజల బడుల కోసం పన్ను వేసే చట్టం ఆ రాష్ట్రంలో మొదటిసారి ఆయన హయాంలోనే వచ్చింది. బడి చూడని మనిషి బడికి డబ్బు పుట్టించాడు.

తర్వాత సెనేటరయ్యాడు. 1861లో బానిసత్వాన్ని కాపాడుకోవడానికి దక్షిణాది రాష్ట్రాలు విడిపోతే, ఆ రాష్ట్రాల సెనేటర్లలో తన కుర్చీ వదలకుండా దేశం పక్షాన నిలిచినవాడు జాన్సన్ ఒక్కడే. సొంత రాష్ట్రంలో ప్రాణానికి ముప్పు వచ్చినా వెనక్కి తగ్గలేదు. 1862లో అధ్యక్షుడు లింకన్ ఆయన్ని టెనెసీకి సైనిక గవర్నరుగా పంపాడు. 1864 ఎన్నికల్లో ఉపాధ్యక్షుడిగా తీసుకున్నాడు. 1865 మార్చిలో ప్రమాణ స్వీకారం రోజున జాన్సన్ తాగి వచ్చి సభలో అభాసుపాలయ్యాడు. జబ్బుపడి లేచిన ఒళ్ళు, నీరసానికి మందులా పుచ్చుకున్నానన్నాడు. ఏమైతేనేం, పరువు పోయింది. నెలన్నర తిరక్కుండానే, ఏప్రిల్ 15న, హంతకుడి తుపాకి గుండుకు లింకన్ కన్నుమూశాడు. దర్జీ కుర్రాడు దేశాధ్యక్షుడైపోయాడు.

ఇక్కడినుంచి కథ మలుపు తిరుగుతుంది. అప్పటికి సుమారు 40 లక్షల మంది నల్లవారు సంకెళ్ళు తెగి బయటికి వచ్చారు. భూమి లేదు, చదువు లేదు, ఓటు లేదు. బానిసలకు అక్షరాలు నేర్పడమే నేరంగా దక్షిణాదిన చాలాచోట్ల చట్టాలుండేవి. జాన్సన్ స్వయంగా బానిసలను ఉంచుకున్నవాడు. 1863లో వాళ్ళను విడిచిపెట్టాడు. ఆ జ్ఞాపకంగానే టెనెసీ నల్లవారు ఆగస్టు 8ని విముక్తి దినంగా జరుపుకుంటూ వచ్చారు. అలాంటివాడు తమకు ఇన్సాఫ్ చేస్తాడని వాళ్ళు ఆశపడ్డారు. తప్పేముంది?

కానీ ఆయన లోకంలో పేదవాడంటే తెల్ల పేదవాడే. తిరుగుబాటు చేసిన పెద్ద భూస్వాములకు క్షమాభిక్షలు పంచిపెట్టాడు. నల్లవారికి పంచిన భూములు తిరిగి పాత యజమానుల చేతికే పోయాయి. వారికోసం బడులు, వైద్యశాలలు నడిపించే సంస్థను కొనసాగించే బిల్లు 1866 ఫిబ్రవరిలో వస్తే తిరస్కరించాడు. మార్చిలో పౌరహక్కుల బిల్లునూ తిరస్కరించాడు. ఏప్రిల్ 9న కాంగ్రెసు ఆయన కాదన్నా దాన్ని చట్టం చేసింది. ఆ మే నెలలోనే, ఆయన సొంత రాష్ట్రంలోని మెంఫిస్ నగరంలో అల్లరిమూకలు 46 మంది నల్లవారిని చంపేశాయి. వాళ్ళ ఇళ్ళు, ప్రార్థనా మందిరాలు, బడులు తగలబెట్టాయి. బడుల కోసం పన్ను వేయించిన మనిషి ఇది చూసైనా దారి మార్చుకోలేదు. అందరికీ సమాన పౌరసత్వం ఇచ్చే 14వ రాజ్యాంగ సవరణను ఒప్పుకోవద్దని రాష్ట్రాలకు నచ్చజెప్పజూశాడు. అది 1868లో ఆమోదం పొందింది. మొత్తం 15 సార్లు ఆయన తిరస్కారాన్ని కాంగ్రెసు పక్కకు నెట్టింది.

1868 ఫిబ్రవరిలో, యుద్ధమంత్రి స్టాంటన్‌ను చట్టాన్ని మీరి తొలగించాడని దిగువసభ ఆయన మీద అభియోగం మోపింది. అమెరికా చరిత్రలో ఒక అధ్యక్షుడికి అలా జరగడం అదే మొదటిసారి. సెనేటులో 35 మంది దోషి అన్నారు, 19 మంది కాదన్నారు. మూడింట రెండు వంతులకు ఒకే ఒక్క ఓటు తక్కువై పదవి నిలిచింది. 1869లో దిగిపోయాడు. రెండుసార్లు ఓడినా, 1875లో మళ్ళీ సెనేటుకు ఎన్నికయ్యాడు. అధ్యక్ష పదవి చేసి దిగాక సెనేటరైనవాడు ఆయన ఒక్కడే. అదే ఏడు జూలై 31న మరణించాడు. కోరిక ప్రకారం జాతీయ పతాకం కప్పి, తలకింద రాజ్యాంగం ప్రతి పెట్టి గ్రీన్‌విల్‌లో ఖననం చేశారు. ఆయన దర్జీ దుకాణాన్ని నేటికీ అక్కడ భద్రంగా కాపాడుతున్నారు.

జాన్సన్ మెహనత్ అబద్ధం కాదు. ఆయన ధైర్యమూ అబద్ధం కాదు. సూది పట్టిన చేత్తో కలం పట్టడం మామూలు సంగతా? కానీ తాను పడ్డ కష్టం ఇంకొకరిలో చూసినప్పుడు గుర్తుపట్టలేకపోయాడు. వాళ్ళ రంగు అడ్డమొచ్చింది. నేడు ఆయన పేరు చెప్తే చరిత్రకారులు చాలామంది అధ్యక్షుల జాబితాలో అడుగునే పెడుతున్నారు.

మన వాడలోంచి కూడా పిల్లలు చదువుకుని మునిసిపాలిటీకి, అసెంబ్లీకి వెళ్తారు. వెళ్ళాలి. వాళ్ళకు ఈ కథ చెప్పేటప్పుడు దర్జీ దుకాణం గురించి ఎంత చెప్తామో, మెంఫిస్‌లో కాలిన బడుల గురించి కూడా అంతే చెప్పమని తల్లిదండ్రులకు, తోటి ఉపాధ్యాయులకు నా మనవి.