క్లిఫర్డ్ బీర్స్ చరిత్రము

మతి చలించినవాని మాట కెవ్వరును విలువ నీయరు. ఎఱ్ఱగడ్డ పేరెత్తినంతనే పరిహసించువారు పీర్జాదిగూడలోను ఉప్పలులోను నేటికిని లేకపోలేదు. అట్టి పరిహాసమునకు గురియైన యొకడు తన యనుభవమునే సాక్ష్యముగా నిలిపి, లోకముచే విచారణ చేయించిన చరిత్ర మిది.

క్లిఫర్డ్ బీర్స్ 1876వ సంవత్సరమున అమెరికాదేశమందలి న్యూహేవెన్ పట్టణమున జన్మించెను. యేల్ విశ్వవిద్యాలయమున 1897లో పట్టము పొంది న్యూయార్కున కొలువు చేసెను. అన్నకు మూర్ఛరోగ ముండెను. అది తన్నును పట్టునను భయ మాతని మనస్సును తొలిచివైచెను. 1900 జూన్ నెలలో ప్రాణముపై విరక్తిచే మేడమీదినుండి పడి, పాదముల యెముకలు విరిగియు బ్రతికెను. పిమ్మట మూడేండ్లు మూడు చికిత్సాలయములలో గడిపెను.

బంధువులందఱు మాఱువేషములలో వచ్చు గూఢచారులని యాతని భ్రమ. సొంత సోదరుడు వచ్చినను మోసగాడనియే తలచెను. 1902 ఆగస్టులో నాతనికొక యుపాయము తోచెను. సోదరునికి రహస్యముగా లేఖ వ్రాసి, వచ్చునపుడు దానినే గుర్తుగా తెమ్మని కోరెను. సోదరుడు లేఖ చేతబట్టుకొని వచ్చెను. అశోకవనమున హనుమంతుని రాక్షసమాయయని శంకించిన సీతమ్మకు ముద్రిక యెట్లో, బీర్సునకు ఆ కాగిత మట్లు. రెండేండ్ల భ్రమ యొక్క క్షణమున తొలగెను. ఆ పరీక్షను వైద్యుడు కల్పింపలేదు, రోగియే కల్పించెను.

తరువాత నుద్రేకము హెచ్చెను. కఠిన రోగుల నుంచు గదులలో నేమి జరుగునో చూడవలెనని బుద్ధిపూర్వకముగా నియమములు మీఱి యందు చేరెను. సేవకులు కొట్టిరి, చేతులు కదలనీయని బిగుతు అంగీ తొడిగి రాత్రులకు రాత్రు లుంచిరి. ఆ సాహసమంతయు వివేకమే యనరాదు. అందు రోగమును గలదు. అయినను చూచినది మఱవక గవర్నరునకు విన్నపము వ్రాసెను.

1903లో విడుదలయయ్యెను. 1905లో మరల కొంత యస్వస్థత తోపగా తానే చికిత్సాలయమునకు పోయెను. 1908లో స్వీయచరిత్రము ప్రకటించెను. విలియం జేమ్స్ పండితుడు దానిని చదివి బలపఱచెను. ఆ యేటనే కనెక్టికట్ సంఘమును, 1909లో జాతీయ మానసికారోగ్య సమితియు నేర్పడెను. సమితి చికిత్సాలయముల స్థితిగతులను పరిశీలింపించి లెక్కలు వ్రాయించెను. బీర్స్ కార్యదర్శియై ధనికుల గడపలు త్రొక్కెను. అడాల్ఫ్ మేయర్ అను వైద్యునితో పొసగక వారి మైత్రి చెడెను. అనుభవించినవానికి పెత్తనమా, చదివినవానికా యను తగవు నాటినుండియు గలదు. మన దేశమున 2017 నాటి చట్టము మానసికారోగ్య ప్రాధికార సంస్థలలో ఆ వ్యాధి ననుభవించినవారికిని స్థాన మొసగినది.

1930లో వాషింగ్టనున ప్రథమ అంతర్జాతీయ మానసికారోగ్య మహాసభ జరిగెను. 1939లో వ్యాధి తిరుగబెట్టగా బీర్స్ ప్రావిడెన్సు నగరమందలి బట్లర్ చికిత్సాలయమున రోగిగా చేరి, 1943 జూలైలో నచటనే కన్నుమూసెను.