60 వేల ఏళ్ల తోకచుక్క



తోకచుక్క అంటే మన పెద్దలకు భయం. అది పొడిస్తే రాజుకు గండమనీ, ఊరికి కరువనీ, మహమ్మారి వస్తుందనీ చెప్పుకునేవారు. 2024 అక్టోబరులో సాయంత్రం పూట పడమటి ఆకాశంలో ఒక తోకచుక్క కనిపించింది. తెనాలి, బాపట్ల, రేపల్లె విచారణలలో కొందరైనా దానిని చూసే ఉంటారు. తోకచుక్కను చూసి భయపడకుండా, అది ఎక్కడి నుండి వస్తోంది, ఎక్కడికి పోతోంది, మళ్లీ ఎప్పుడు వస్తుంది అని లెక్క కట్టిన ఒక హైదరాబాదు యువకుని జీవితాన్ని ఈ వారం మీ ముందుంచుతున్నాను. ఆయన పేరు డాక్టర్ వైను బప్పు.

వైను బప్పు 1927 ఆగస్టు 10న మద్రాసులో జన్మించాడు. పూర్వీకులది కేరళ. తండ్రికి హైదరాబాదులోని నిజామియా వేధశాలలో ఉద్యోగం. అందుచేత ఆ ఒక్కగానొక్క బిడ్డ హైదరాబాదులోనే పెరిగాడు, నిజాం కళాశాలలో చదివాడు. తండ్రిది పెద్ద హోదా కాదు, పెద్ద జీతమూ కాదు. కాని ఆయన కుమారుణ్ణి బేగంపేటలోని ఆ గోపురం కిందకు తీసుకొని వెళ్లాడు, దూరదర్శిని దగ్గర నిలబెట్టాడు. తండ్రి పని అంటే కుమారునికి గౌరవం కలిగింది. ఆ గౌరవమే తర్వాత జీవితమంతటికీ దారి చూపింది.

ఆ నిజామియా వేధశాలకూ మన తిరుసభకూ ఒక చుట్టరికం ఉన్నదని మీలో చాలామందికి తెలిసి ఉండదు. ఆకాశమంతటినీ భాగాలుగా పంచుకొని, నక్షత్రాలన్నిటి స్థానాలూ కొలిచి పట్టిక రాయాలని ప్రపంచంలోని వేధశాలలు కొన్ని కలిసి పూనుకున్నాయి. ఒక భాగం హైదరాబాదు వంతు, మరొక భాగం వాటికన్ వేధశాల వంతు. వాటికన్‌లో ఆ కొలతల పనిని నలుగురు కన్యస్త్రీలు 1910 నుండి 1921 వరకు ఓపికగా చేసి, 4 లక్షల 80 వేలకు పైగా నక్షత్రాలను లెక్కకు ఎక్కించారు. అదే పనిలో భాగంగా హైదరాబాదులోనూ లక్షలాది నక్షత్రాలను కొలిచారు. చిన్న బప్పు పెరిగినది అటువంటి ఓపిక గల పని నడుమ.

విద్యార్థిగా ఉన్న రోజుల్లోనే అతడు వెలుగు మారే నక్షత్రాలను గమనించడం మొదలుపెట్టాడు. ఈ పని ఎలా చేస్తారో చెబుతాను. చూస్తున్న చుక్క పక్కన వెలుగు ఎంతో ముందే తెలిసిన రెండు చుక్కలను ఎంచుకోవాలి. మన చుక్క ఒకదానికంటె ఎంత తక్కువ, మరొకదానికంటె ఎంత ఎక్కువ అని పోల్చి, తేదీ, సమయం వేసి రాసుకోవాలి. మర్నాడు మళ్లీ చూడాలి. అలా నెలల తరబడి రాసిన పుస్తకంలో నుండి ఆ నక్షత్రపు స్వభావం బయటపడుతుంది.

హైదరాబాదు ప్రభుత్వం ఇచ్చిన స్కాలర్‌షిప్పుతో 1949లో అతడు అమెరికాలోని హార్వర్డ్ విశ్వవిద్యాలయానికి వెళ్లాడు. వెళ్లిన కొద్ది నెలలకే, జూలై 2వ తేదీ రాత్రి, దూరదర్శినికి గాజు పలక అమర్చి ఆకాశాన్ని ఫోటో తీశాడు. దూరదర్శిని నక్షత్రాల వెంటే కదులుతుంది కాబట్టి పలక మీద నక్షత్రాలు చుక్కలుగా పడతాయి. అయితే ఆ పలక మీద ఒకచోట చుక్కకు బదులు సన్నని గీత కనిపించింది. నక్షత్రాల నడుమ ఏదో కదులుతోందన్నమాట! గాజు మీద మరక అనుకొని పక్కన పెట్టేయవచ్చు. బప్పు అలా చేయలేదు. ప్రొఫెసరు బార్ట్ బోక్, తోటి విద్యార్థి గోర్డన్ న్యూకిర్క్‌లతో కలిసి పరిశీలించగా అది కొత్త తోకచుక్క అని తేలింది. దానికి బప్పు-బోక్-న్యూకిర్క్ అని ముగ్గురి పేర్లూ పెట్టారు. పసిఫిక్ ఖగోళ సంఘం అతనికి డొనోహో పతకాన్ని బహూకరించింది.

మరి దాని దారి ఎలా తెలుసుకోవాలి? తెనాలి జంక్షన్‌లో ఆగివున్న రైలును ఊహించుకోండి. అక్కడ ఒక్కసారి చూసినంత మాత్రాన అది ఎటు పోతుందో చెప్పలేము. తర్వాత వేమూరులో కనిపిస్తే రేపల్లె బండి, నిడుబ్రోలులో కనిపిస్తే బాపట్ల వైపు బండి. తోకచుక్కనూ అంతే, కనీసం మూడు వేర్వేరు రాత్రులలో ఏ నక్షత్రాల నడుమ ఉన్నదో కచ్చితంగా కొలవాలి. అప్పుడు సూర్యుని చుట్టూ దాని మార్గం లెక్కకు అందుతుంది. హేలీ తోకచుక్క సుమారు 76 ఏళ్లకు ఒకసారి వస్తుంది. బప్పు కనుగొన్న తోకచుక్క తిరిగి రావడానికి దాదాపు 60 వేల ఏళ్లు పడుతుందని లెక్క తేలింది. దారి లెక్కకు లొంగినంతగా తోకచుక్క వెలుగు లొంగదు. మంచు, ధూళి కలిసిన ముద్ద అది. సూర్యుని వేడికి ఎంత ఆవిరవుతుందో ముందుగా చెప్పడం కష్టం. 1973లో కోహౌటెక్ అనే తోకచుక్క ధగధగ వెలుగుతుందని ప్రచారం జరిగింది, చివరకు అందరినీ నిరాశపరచింది.

60 వేల ఏళ్లు! ఆ లెక్క ఒప్పో తప్పో చూడటానికి లెక్క కట్టినవాడు ఉండడు, అతని మనుమలూ ఉండరు. అయినా లెక్క శ్రద్ధగానే చేశారు. బప్పు తర్వాతి జీవితమంతా ఈ తీరునే సాగింది.

1952లో డాక్టరేటు పొందిన తర్వాత, ఓలిన్ విల్సన్‌తో కలిసి ఆయన మరొక గొప్ప విషయం కనుగొన్నాడు. నక్షత్రపు కాంతిని విడదీసినప్పుడు కనిపించే కాల్షియం గీత వెడల్పును బట్టి ఆ నక్షత్రపు అసలు వెలుగును, దానితో దూరాన్ని తెలుసుకోవచ్చు. 1957లో ప్రచురితమైన ఈ సూత్రానికి విల్సన్-బప్పు ప్రభావం అని పేరు. విదేశంలో ఉండిపోతే పేరు, సౌకర్యాలు రెండూ దక్కేవి. ఆయన తిరిగి వచ్చాడు. 1960లో కొడైకెనాల్ వేధశాల అధిపతి అయ్యాడు. మంచి ఆకాశం కోసం వెదకి, తమిళనాడులోని జవ్వాది కొండలలో కావలూరు అనే పల్లె దగ్గర కొత్త వేధశాలకు చోటు ఎంచుకున్నాడు. 1977లో యురేనస్ గ్రహం చుట్టూ వలయాల ఆనవాలు దొరికినప్పుడు, ఆ ఆనవాలు పట్టిన చోట్లలో కావలూరు ఒకటి.

అక్కడ మన దేశంలోనే తయారైన పెద్ద దూరదర్శిని నిలపాలన్నది ఆయన కోరిక. 234 సెంటీమీటర్ల అద్దాన్ని ఇక్కడి చేతులతోనే అరగదీసి మెరుగుపెట్టే పని మొదలైంది. 1979లో అంతర్జాతీయ ఖగోళ సమాఖ్య అధ్యక్షునిగా ఎన్నికయ్యాడు. ఆ పదవి పొందిన తొలి భారతీయుడు ఆయనే. కాని దూరదర్శిని పూర్తి కాకముందే, 1982 ఆగస్టు 19న, జర్మనీలోని మ్యూనిక్ నగరంలో గుండె శస్త్రచికిత్స తర్వాత కన్నుమూశాడు. వయసు 55. తాను కలగన్న అద్దంలో ఒక్క నక్షత్రాన్నీ చూడలేదు. హేలీ తోకచుక్క సూర్యుని సమీపించిన రోజుల్లో, 1986 జనవరి 6న, ప్రధాని రాజీవ్ గాంధీ ఆ వేధశాలకూ దూరదర్శినికీ బప్పు పేరు పెట్టారు. విత్తినవాడు ఒకడు, కోసుకున్నవారు మరొకరు.

ప్రియ తల్లిదండ్రులారా, మీ పిల్లల చదువు గురించి ఆలోచించేటప్పుడు ఎన్ని మార్కులు, ఎంత జీతం అన్న ప్రశ్నలే ముందు వస్తాయి. తప్పు కాదు. కాని బప్పు తండ్రి చేసినది కూడా చేయండి. మీ పని ఏదైనా, మగ్గమైనా, పొలమైనా, బడి అయినా, పిల్లలను దగ్గరకు తీసుకొని వెళ్లి చూపించండి. చీకటి రాత్రి మేడ మీదకో, సూర్యలంక ఇసుక మీదకో తీసుకొని వెళ్లి చుక్కలు చూపించండి. చూసినది తేదీ వేసి రాసుకోమని ఒక నోటుపుస్తకం ఇవ్వండి. హేలీ తోకచుక్క మళ్లీ 2061లో వస్తుంది. అప్పటికి మనలో చాలామందిమి ఉండము. మీ ఒడిలోని బిడ్డలు దానిని చూస్తారు. వారు దానిని భయపడుతూ చూస్తారో, తెలిసి చూస్తారో అన్నది ఇప్పుడు మీ చేతుల్లో ఉంది.