కోనసముద్రం ఉక్కును లోకానికి తెలిపిన డాక్టర్ వాయ్‌సీ

తెనాలి, బాపట్ల, రేపల్లె ప్రాంతాల్లో కొలిమి వద్ద కూర్చుని కొడవలి చేయించుకున్న రైతులకు ఒక సంగతి అనుభవమే. ఎర్రగా కాలిన కొడవలిని నీటిలో ముంచితే బిరుసెక్కుతుంది. మళ్లీ కాస్త సెగ చూపకపోతే పెళుసై విరుగుతుంది. నిదానంగా చల్లారిస్తే మెత్తగానే ఉండిపోతుంది. ఈ విద్యలో తెలుగు కమ్మరులు ఎంతటివారో రెండు వందల ఏళ్ల క్రితమే కాగితంపై పెట్టినవారు డాక్టర్ హెన్రీ వెస్ట్లీ వాయ్‌సీ.

ఆంగ్లేయుడైన వాయ్‌సీ వృత్తిరీత్యా వైద్యుడు. 1818లో కర్నల్ లాంబ్టన్ భూసర్వేలో డాక్టరుగా, భూగర్భ శాస్త్రజ్ఞుడుగా చేరారు. హైదరాబాదు సంస్థానమంతా రాళ్లు, గనులు పరిశీలిస్తూ తిరిగారు. భారత భూగర్భ శాస్త్రానికి ఆద్యుడని పేరు పొందారు.

ఆ పర్యటనల్లోనే నేటి నిజామాబాద్ జిల్లా కోనసముద్రంలో ఉక్కు తయారీని దగ్గరుండి చూశారు. ఆ ఉక్కు కోసం పారశీక దేశం నుంచి వర్తకులు వచ్చేవారు. డమాస్కస్ కత్తులకు ఇటువంటి ఉక్కే వాడేవారు. రెండు రకాల ఇనుమును మట్టి మూసల్లో పెట్టి, ఒక పగలు, ఒక రాత్రి తిత్తులు ఊది కరిగించేవారు. మూసలో తయారైన ఉక్కు బిళ్ల సమ్మెటకు లొంగేది కాదు. దానికి మట్టి పూసి 12 నుంచి 16 గంటలు కాల్చి చల్లార్చేవారు. అప్పటికీ లొంగకుంటే మూడోసారి, నాలుగోసారి కూడా కాల్చేవారు. ఈ వివరాలన్నీ వాయ్‌సీ రాసి ఉంచారు.

ఇందులోని కిటుకు అప్పటికి శాస్త్రజ్ఞులకూ అంతు చిక్కలేదు. కమ్మరి కొడుకైన మైకేల్ ఫారడే 1819లో లండన్‌లో భారతీయ ఉక్కును పరీక్షించి, అందులోని అల్యూమినా వల్లే ఆ గుణం వచ్చిందని భావించారు. అసలు కారణం కార్బన్ అని తరువాత తేలింది. ఈ ఉక్కులో అది నూటికి ఒకటిన్నర పాళ్ల దాకా ఉంటుంది. కాలిన ఉక్కును నీటిలో ముంచితే కార్బన్ విడివడే వ్యవధి లేక, సూదుల వంటి కణాలు ఏర్పడతాయి. వాటినే మార్టెన్‌సైట్ అంటారు. గట్టిదనం, పెళుసుదనం రెండూ వాటి వల్లే. నూనె నీటికన్న నెమ్మదిగా వేడిని లాగుతుంది గనుక పగుళ్లు తక్కువ. నిదానంగా చల్లారితే పొరలు పొరలుగా పెర్లైట్ ఏర్పడి ఉక్కు మెత్తబడుతుంది. కార్బన్ ఎక్కువైన కోనసముద్రం ఉక్కుకు కమ్మరులు అంత ఓపికగా కాల్చి చల్లార్చడం ఇందుకే.

లాంబ్టన్ 1823 జనవరిలో మరణించారు. మరుసటి ఏడాది ఏప్రిల్‌లో కలకత్తాకు వెళుతూ దారిలోనే వాయ్‌సీ కూడా కన్నుమూశారు. ఆయన వ్యాసం ఎనిమిదేళ్ల తరువాత, 1832లో బెంగాల్ ఏషియాటిక్ సొసైటీ పత్రికలో అచ్చయింది. తన రచన అచ్చులో చూసుకునే భాగ్యం ఆయనకు లేకపోయింది. కోనసముద్రం కొలుములు కూడా కాలక్రమంలో ఆరిపోయాయి. అయినా ఆ కమ్మరుల పనితనం గురించి తెలుసుకోగోరే పరిశోధకులకు వాయ్‌సీ రాసిన కొద్ది పుటలే నేటికీ ఆధారంగా నిలిచాయి.