గానం మూగవోయిన మఠం: సన్యాసిని హిల్డెగార్డ్ జీవితం

పండితుడు వేరు, కళాకారుడు వేరు, ప్రార్థనాపరుడు వేరు, దారి చూపే గురువు వేరు అని మనం సాధారణంగా భావిస్తూ ఉంటాము. ఈ నాలుగు పనులూ ఒకే జీవితంలో ఒకే పనిగా ముడివడిన సందర్భాలు చరిత్రలో అరుదు. పన్నెండవ శతాబ్దంలో జర్మనీ దేశాన, రైను నదీ ప్రాంతంలో జీవించిన క్రైస్తవ సన్యాసిని హిల్డెగార్డ్ అట్టి అరుదైన వ్యక్తి. ఆమె జీవితాన్ని, ముఖ్యంగా ఎనభై ఏళ్ల ముదిమిలో ఆమె ఎదుర్కొన్న కఠిన పరీక్షను విద్యార్థుల ముందుంచడమే మా ఉద్దేశం.

హిల్డెగార్డ్ క్రీ.శ. 1098లో ఒక ఉన్నత వంశంలో జన్మించింది. తల్లిదండ్రులు ఆమెను చిన్ననాడే దైవసేవకు అర్పించారు. 1112 నవంబరు 1వ తేదీన ఆమె డిసిబోడెన్‌బెర్గ్ కొండ మీది మఠాన్ని ఆనుకొని ఉన్న ఏకాంతవాసంలో, యుట్టా అనే తపస్వినితో పాటు ప్రవేశించింది. యుట్టా ఆమెకు నేర్పిన చదువు ప్రధానంగా దావీదు కీర్తనలే. అవే ఆమెకు ఓనమాలు, అవే సంగీతం. రేయింబవళ్లు నియమిత వేళలలో ఆ కీర్తనలను కలిసి పాడటమే బెనెడిక్ట్ సంప్రదాయపు మఠజీవితానికి ఆయువుపట్టు. ఈ విషయాన్ని మనం గుర్తుంచుకోవాలి. కథ చివర దీని అవసరం కలుగుతుంది. 1136లో యుట్టా మరణించగా తోటి కన్యస్త్రీలు హిల్డెగార్డ్‌ను తమ పెద్దగా ఎన్నుకొన్నారు.

బాల్యం నుండీ ఆమె అంతరంగానికి ఒక వెలుగు, ఆ వెలుగులో కొన్ని దృశ్యాలు గోచరిస్తూ ఉండేవి. చాలాకాలం ఆమె వాటిని గుప్తంగానే ఉంచుకొన్నది. 1141లో, నలభై రెండేళ్లు దాటిన తరువాత, చూచినదానిని వ్రాయుమని దైవాజ్ఞ అయినదని ఆమె విశ్వసించింది. అయినా తన అర్హతను శంకించి వెనుదీసి, జబ్బుపడి మంచం పట్టింది. చివరకు వోల్మార్ అనే సన్యాసి సహాయంతో లాటినులో వ్రాయనారంభించింది. అలా పదేళ్ల శ్రమతో వెలువడిన గ్రంథమే ‘స్కీవియాస్’. దైవమార్గాలను తెలుసుకొమ్మని ఆ పేరు సూచిస్తుంది. అందులో ఇరవై ఆరు దర్శనాలున్నాయి. ముందుగా దృశ్యాన్ని చిత్రం గీసినట్లు వర్ణించి, పిదప దానిలోని ఒక్కొక్క అంశానికి బైబిలు వాక్యాల ఆధారంతో అర్థం విప్పడం ఆమె పద్ధతి. 1147–48లో ట్రియర్ నగరానికి వచ్చిన మూడవ యూజీనియస్ పోపు ఈ గ్రంథభాగాలను చూచి ఆమోదించినట్లు ఆమె జీవితచరిత్ర చెబుతుంది.

ఈ గ్రంథానికి చెందిన ఒక పురాతన ప్రతిలో ముప్పది అయిదు వర్ణచిత్రాలు ఉండేవి. మొదటి చిత్రంలో హిల్డెగార్డ్ మైనపు పలక పట్టుకొని కూర్చున్నది. ఆమె శిరస్సు మీదికి అగ్నిజ్వాలలు దిగివస్తున్నాయి. ప్రక్కనే వోల్మార్ తల వంచి వింటున్నాడు. ఆ అమూల్య ప్రతి రెండవ ప్రపంచయుద్ధం చివర 1945లో డ్రెస్డెన్‌లో కనిపించకుండా పోయింది. అంతకుముందే ఐబింగెన్ మఠ కన్యస్త్రీలు ఓపికతో చేతిమీద చిత్రించి పెట్టిన నకలు మాత్రం మనకు మిగిలింది.

సుమారు 1150లో ఆమె ఇరవైమంది దాకా కన్యస్త్రీలతో బింగెన్ సమీపాన రూపెర్ట్స్‌బెర్గ్‌లో సొంత మఠం స్థాపించింది. పాత మఠాధిపతి దీనికి సులభంగా అంగీకరించలేదు. ఆమెలోనూ మానవసహజమైన బలహీనత లేకపోలేదు. ప్రియశిష్యురాలు రిచార్డిస్ వేరొక మఠానికి అధిపతిగా వెళ్లబోగా, హిల్డెగార్డ్ పోపు వరకూ మొరపెట్టుకొని అడ్డుపడింది. రిచార్డిస్ వెళ్లనే వెళ్లింది, 1152లో మరణించింది. ఆ దుఃఖంలో ఒక మనిషిని మితిమీరి ప్రేమించానని హిల్డెగార్డ్ ఒప్పుకొన్నది. తన మనస్సును తాను పరీక్షించుకొన్నది కనుకనే ఆమె ఇతరులకు దారి చూపగలిగిందని మేము తలుస్తాము. పోపులు, చక్రవర్తి ఫ్రెడరిక్ బార్బరోసా, మఠాధిపతులు, సామాన్య గృహస్థులు – వీరందరితో ఆమె జరిపిన ఉత్తరప్రత్యుత్తరాలలో నాలుగువందల వరకు లేఖలు లభిస్తున్నాయి. ఉపవాసంలోనైనా మితం పాటించాలని ఆమె బోధించేది.

ఆమె కూర్చిన గీతాలు డెబ్బైకి పైగా ఉన్నాయి. సద్గుణాలే పాత్రలుగా ఆమె రచించిన సంగీతరూపకంలో అందరూ పాడతారు. సైతాను ఒక్కడే పాడలేడు, అరుస్తాడు. గానం ఆమెకు అలంకారం కాదు, ఆరాధనే అని దీనివల్ల విశదమవుతుంది.

ఆ గానమే 1178లో ఆగిపోయింది. ఒకప్పుడు చర్చి వెలివేసిన ఒక కులీనుని ఆమె తన మఠపు శ్మశానంలో ఖననం చేయించింది. శవాన్ని త్రవ్వి బయట పారవేయవలసినదని మైన్స్ నగరపు మతాధికారులు ఆజ్ఞాపించారు. మరణానికి ముందే అతడు పాపసంకీర్తనం చేసి దివ్యసత్ప్రసాదం స్వీకరించాడని, దేవుడు క్షమించినవానిని తాను వెలివేయజాలనని ఆమె నిరాకరించింది. అధికారులు మఠంపై నిషేధం విధించారు. పూజ లేదు, సత్ప్రసాదం లేదు. కీర్తనలను మూసిన తలుపుల వెనుక లోగొంతుకతో చదువుకోవలసిందే గాని పాడరాదు. ఎనభై ఏళ్ల వృద్ధురాలు ఆ నిషేధానికి తలవంచింది, కాని సమాధిని ముట్టనివ్వలేదు. సరియైన కారణం లేకుండా దైవస్తుతిని మూగబుచ్చినవారికి పరలోకపు స్తుతిగానంలో చోటుండదని అధికారులకు లేఖ వ్రాసింది. ఆదాము స్వర్గంలో పోగొట్టుకొన్న స్వరాన్ని సంగీతం మనకు జ్ఞాపకం చేస్తుందని అందులో వివరించింది. సాక్ష్యాలు సమకూడిన మీదట, 1179 మార్చిలో ఆర్చిబిషప్పు నిషేధాన్ని తొలగించాడు. మఠంలో మళ్లీ పాట వినిపించింది. ఆరు నెలలకే, సెప్టెంబరు 17న, ఆమె కన్నుమూసింది.

2012లో పదహారవ బెనెడిక్ట్ పోపు ఆమెను పునీతురాలిగాను, ఆపై సంఘపు పండితురాలిగాను ప్రకటించాడు. ఈ రెండవ గౌరవం పొందిన స్త్రీలలో ఆమె నాలుగవది. అయితే మాకు అంతకంటె గొప్పగా తోచేది ఆ చివరి ఏడాది. ఆమె అధికారాన్ని ధిక్కరించలేదు, సత్యాన్ని విడువలేదు. తన హక్కు పోయినప్పుడు మౌనంగా సహించి, నోరులేని మృతుని పక్షాన మాత్రం నిలిచి మాట్లాడింది. లేఖనాలు చదివిన చదువు, చేసిన ప్రార్థన, పాడిన పాట, చెప్పిన హితవు నిజమైనవో కావో తేలేది అటువంటి ఘడియలోనే. చదువుకొంటున్న యువతీ యువకులు ఈ జీవితం నుండి గ్రహింపదగినది అదేనని మా నమ్మకం.